వాయిదా తెలిసిన వకీలు

2024 మార్చి 4న సుప్రీంకోర్టులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం సీతా సోరెన్ కేసులో ఏకగ్రీవంగా తీర్పు చెబుతూ, లంచం తీసుకుని ఓటు వేసిన చట్టసభ సభ్యుడికి ఉండే రక్షణ మీద 1998లో తానిచ్చిన పాత తీర్పు ఒకటి చెల్లదని ప్రకటించింది. అదే నెల 30న రాష్ట్రపతి భవన్‌లో, ఏడు వారాల ముందు ప్రకటించిన భారతరత్నను ఒక దివంగత నాయకుడి కుటుంబానికి అందజేశారు. చెల్లదన్న తీర్పు పేరు 'పి.వి. నరసింహారావు వర్సెస్ స్టేట్'. రత్నం అందుకున్న పేరూ అదే. ఇరవయ్యారు రోజుల తేడాతో ఒకే పేరును ఈ దేశం ఒక చేత్తో చెరిపి ఇంకో చేత్తో చెక్కింది.

మార్చి 4 సాయంత్రం హనుమకొండ బార్ అసోసియేషన్ హాలులో ఒక యువ న్యాయవాది నా దగ్గరికి వచ్చి, ఇంట్లో పెద్దవాళ్లెవరో పోయినంత బాధతో, "సార్, మన పీవీ గారి తీర్పు పోయింది" అన్నాడు. అది ఆయన తీర్పు కాదని, ఆయన కేసని సరిదిద్దాను. అయినా ఆ కుర్రవాడి తప్పులో ఏదో నిజం ఉందనిపించి ఇంటికి వచ్చాక కూడా అదే ఆలోచించాను. ఈ వ్యాసం ఆ ఆలోచన ఫలితం.

పి.వి.ని మెచ్చుకునేవాళ్లు అపర చాణక్యుడంటారు, నచ్చనివాళ్లు మౌనముని అంటారు. ఈ రెండు బిరుదులూ మనిషిని అందుబాటులో లేకుండా పురాణంలోకి నెట్టేవే. ముప్పయి ఎనిమిదేళ్లుగా అదాలత్ సెంటరు చుట్టూ తిరుగుతున్న నాకు ఆయన రాజకీయ జీవితం మొత్తం ఒక వకీలు మిసల్‌లా, అంటే కేసు కాగితాల కట్టలా కనిపిస్తుంది. ఆయన చేసిన మంచి పనుల్లో చాలావరకు వకీలుతనం నుంచి వచ్చినవి, చేసిన పెద్ద పొరపాట్లు కూడా సరిగ్గా అక్కడి నుంచే వచ్చినవి అన్నది నా వాదన.

దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. ఆయన నల్లకోటు వేసుకుని వాదించిన కేసులెన్ని? నిజమే, చాలా తక్కువ. నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో 1921 జూన్ 28న పుట్టి, చిన్నతనంలోనే భీమదేవరపల్లి మండలం వంగరకు దత్తత వెళ్లి, హనుమకొండలో చదువుకుంటూ 1938లో వందేమాతరం ఉద్యమంలో పాల్గొన్నందుకు నిజాం రాజ్యంలో చదువుకు దూరమైన కుర్రవాడు ఆయన. ఇక్కడి తలుపు మూసుకుపోతే పుణేలో డిగ్రీ, నాగపూర్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చారు. హైదరాబాదులో బూర్గుల రామకృష్ణారావు దగ్గర జూనియర్‌గా చేరారు. అక్కడ ఎన్నాళ్లో నిలవలేదు. స్వామి రామానంద తీర్థ నాయకత్వంలోని స్టేట్ కాంగ్రెస్ ఉద్యమం పిలిచింది, చాందా (నేటి చంద్రపూర్) సరిహద్దు శిబిరానికి వెళ్లారు. విలీనం తరువాత వరంగల్‌లో పాములపర్తి సదాశివరావుతో కలిసి కాకతీయ పత్రిక నడిపారు. వకాలత్ అనగలిగిన కాలం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

అయితే మా వృత్తిలో కోర్టులో నిలబడి వాదించేవాళ్లు ఒక రకం, వెనక గదిలో కూర్చుని దావా రాసేవాళ్లు మరో రకం. రెండో రకం వాళ్ల గొంతు న్యాయమూర్తికి తెలియదు, వాళ్ల వాక్యం తెలుస్తుంది. పి.వి. ఆ రెండో రకం వకీలు. ఆయన ఎంచుకున్న గురువును గమనించినా ఇది అర్థమవుతుంది. బూర్గుల పండితుడు, బహుభాషావేత్త, కాగితం మీద ప్రతి మాటనూ తూచే మనిషి.

ఆ తరంలో ఇక్కడ రాజకీయాల్లోకి వచ్చినవాళ్లలో ఇంతమంది వకీళ్లు ఎందుకున్నారో ఈనాటి పిల్లలకు తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. నిజాం రాజ్యంలో చదువుకున్నవాడికి సర్కారీ నౌకరీ దొరికితే నోరు మూసుకోవాలి, దొరకకపోతే భూమి చూసుకోవాలి. దొరలకూ సర్కారుకూ జీతగాడు కాకుండా, వాళ్ల భాషలోనే వాళ్లను నిలదీయగలిగిన వృత్తి వకాలత్ ఒక్కటే. కోర్టు భాష ఉర్దూ. ఇప్పటికీ మా నోట దావా, జవాబ్‌దావా, పేషీ, ఫైసలా, జమానతు అన్న మాటలే వస్తాయి. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కార సభలో తెలుగులో మాట్లాడబోయి అవమానం పాలైన అల్లంపల్లి వెంకటరామారావు వకీలు. ఆ అవమానంలోంచి పుట్టిన ఆంధ్ర జనసంఘాన్ని పెంచిన మాడపాటి హనుమంతరావు వకీలు. 1952లో హైదరాబాదు రాష్ట్రానికి ఎన్నికైన తొలి ముఖ్యమంత్రి బూర్గుల వకీలు. న్యాయశాస్త్రం చదివీ కవిగానే మా గుండెల్లో నిలిచిన కాళోజీ సంగతి వరంగల్‌లో ఎవరికీ చెప్పనక్కరలేదు.

వకీళ్లంతా గెలిచారని కాదు. 1952 ఎన్నికల్లో సాయుధ పోరాటం తాలూకు వేడి ఇంకా చల్లారలేదు. పీడీఎఫ్ (కమ్యూనిస్టుల పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్) అభ్యర్థి పెండ్యాల రాఘవరావు వరంగల్ లోక్‌సభ స్థానంతో పాటు హనుమకొండ, వర్ధన్నపేట శాసనసభ స్థానాలు కూడా గెలిచారు. ఆ ఎన్నికల్లో పి.వి. కూడా ఓడిపోయారు. జనం వకీలు మాట విని ఊరుకునే రోజులు కావవి. ఆయనకు మొదటి గెలుపు 1957లో మంథనిలో వచ్చింది, ఆ తరువాత 1962, 1967, 1972 ఎన్నికల్లోనూ మంథని ఆయనను వదలలేదు.

నేను జూనియర్‌గా చేరిన సీనియర్ ఉర్దూ మీడియంలో చదువుకున్న మనిషి. పాత మిసల్‌లు చూడటానికి ఇతర వకీళ్లు ఆయన దగ్గరికే వచ్చేవారు. మొదటి వారంలోనే ఆయన నాతో అన్న మాట: "వాయిదా అడుగుడు రానోనికి వాదించుడు రాదు." అప్పుడు నవ్వొచ్చింది. తరువాత తెలిసింది, వాయిదా అంటే పని తప్పించుకోవడం మాత్రమే కాదని. సాక్షి ఊళ్లో లేడు, కాబట్టి వాయిదా. ఎదుటివాడు కోపంలో ఉన్నాడు, రెండు పేషీలు తిరిగితే రాజీకి వస్తాడు, కాబట్టి వాయిదా. మన దగ్గర ఉన్న కాగితం బలహీనంగా ఉంది, మంచి కాగితం తహసీలు నుంచి రావాలి, కాబట్టి వాయిదా. ఇంకో మాట కూడా ఆయన చెప్పేవారు, రికార్డు మీద లేనిది జరగనట్టే లెక్క అని. వాయిదా, రికార్డు అన్న ఈ రెండు పాఠాలూ తెలిసిన మనిషి దేశ రాజకీయాల్లోకి వెళితే ఎలా ఉంటాడో పి.వి.ని చూస్తే తెలుస్తుంది.

రాష్ట్ర మంత్రిగా 1962 నుంచి ఆయన చూసిన శాఖల్లో న్యాయశాఖ ఉంది, 1964 నుంచి దానితో పాటు దేవాదాయ శాఖ కూడా. ఆ కాలంలో వచ్చిన 1966 దేవాదాయ చట్టం గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే అందులో నాటకీయత లేదు. కోస్తా, రాయలసీమల్లో గుళ్లకు మద్రాసు చట్టం, తెలంగాణలో గుళ్లకు హైదరాబాదు రాజ్యపు నిబంధనలు నడుస్తుండగా, రెండింటినీ కలిపి ఒకే రాష్ట్రానికి ఒకే చట్టం చేయడం దాని పని. మాన్యం భూమి ఎవరిది, వంశపారంపర్య ధర్మకర్త హక్కెంత అని సెక్షను తరువాత సెక్షను రాసుకుపోవాలి. సభలో చప్పట్లు రావు. ఓట్లూ రావు. పి.వి. వికసించింది ఇలాంటి పనిలోనే అని నా నమ్మకం.

అసలు వకీలు బయటపడింది భూమి దగ్గర. 1971 సెప్టెంబరు 30న ముఖ్యమంత్రి అయ్యేనాటికి రాష్ట్రంలో భూపరిమితి చట్టం లేకపోలేదు. 1961 చట్టం ఉంది. అందులో పరిమితి భూమి రకాన్ని బట్టి 27 నుంచి 324 ఎకరాల దాకా ఉండేది. 324 ఎకరాల దాకా ఉంచుకోవచ్చనే పరిమితి ఎవరికి అడ్డం? పి.వి. ప్రభుత్వం తెచ్చిన చట్టం, 1973 నాటి 1వ నంబరు చట్టం, దాన్ని తరికి 10 నుంచి 27 ఎకరాలకు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలకు దించింది. అంకెల కంటే నాకు ఆసక్తి కలిగించేది 7వ సెక్షను. చట్టం వస్తుందని తెలియగానే దొరలు భూమిని తమ్ముళ్ల పేర, బామ్మర్దుల పేర, పాలేళ్ల పేర, ఒక్కోచోట పెంపుడు కుక్క పేర కూడా రాయిస్తారని మా వైపు జనం చెప్పుకునేవారు. కుక్క సంగతి నేను చూడలేదు కానీ పాలేరు పేరు మీది పట్టా నా చేతుల మీదుగానే పోయింది. ఈ దారి మూయడానికి చట్టం వెనక్కి చూసింది. 1971 జనవరి 24 తరువాత జరిగిన బదిలీలను అనుమానించింది. 1972 మే 2 నుంచి అమ్మకాలను కట్టడి చేస్తూ విడిగా ఇంకో చట్టం తెచ్చింది. ఎదుటివాడు వేయబోయే ఎత్తు ముందే ఊహించి దానికి తేదీ కట్టడం రాజకీయవేత్తకు తట్టే పని కాదు, దావాలు రాసిన చేతికే తట్టే పని. వంగర దొరల కుటుంబం నుంచి వచ్చిన మనిషి ఇది చేశాడన్నది, తన కుటుంబ భూమిలోనూ పెద్ద భాగం వదులుకున్నాడన్నది దానికి అదనపు గౌరవం.

1950 నాటి హైదరాబాదు కౌల్దారీ చట్టంలోని 38-ఇ సెక్షను, అంటే రక్షిత కౌలుదారును భూమికి యజమానిని చేసే సెక్షను, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల్లో అంతకు ముందే అమలు మొదలైనా, మిగతా తెలంగాణ జిల్లాల్లో అమలైంది 1973 జనవరి 1 నుంచి. అంటే ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న చివరి పది రోజుల్లో. ఆ 38-ఇ సర్టిఫికెట్లు పట్టుకుని మనుమలు, మునిమనుమలు ఇప్పటికీ నా ఆఫీసుకు వస్తారు. "సార్, గీ పేషీకన్న తెగుతదా?" అని అడుగుతారు. సర్టిఫికెట్ ఇచ్చిన తహసీల్దారు పోయాడు, తీసుకున్న కౌలుదారు పోయాడు, కాగితం అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. అయినా ఆ కాగితం ఉంది కాబట్టే వాళ్లు కోర్టు మెట్టు ఎక్కగలుగుతున్నారు. రికార్డు మీద ఉన్నది జరిగినట్టే లెక్క.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. 1972 ఫిబ్రవరిలో హైకోర్టు ముల్కీ నిబంధనలు, అంటే తెలంగాణలో సర్కారీ ఉద్యోగాలు స్థానికులకే అన్న నియమాలు, చెల్లవంది. అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెల్లుతాయంది. ముఖ్యమంత్రి పి.వి. ఆ తీర్పుతో వివాదం ముగిసినట్టే మాట్లాడారు. వకీలు దృష్టిలో అది సరైన మాటే. పై కోర్టు చెప్పాక ఇక అప్పీలు ఎక్కడిది? కానీ కోస్తాలో, రాయలసీమలో ఉద్యోగం చేసుకుంటున్నవాడికి అది తీర్పు కాదు, వేటు. ఆ మాట జై ఆంధ్ర ఉద్యమానికి నిప్పురవ్వ అయింది. 1973 జనవరి 10న ఆయన రాజీనామా చేశారు, ఎనిమిది రోజులకు రాష్ట్రపతి పాలన వచ్చింది. భూపరిమితి చట్టం 1975 జనవరి 1న అమల్లోకి వచ్చేనాటికి కుర్చీలో జలగం వెంగళరావు ఉన్నారు. తీర్పు రావడమూ తగవు తీరడమూ ఒకటి కావని గ్రామాల్లో పంచాయితీ చెప్పే పెద్దమనిషికి కూడా తెలుసు. వకీలుకే ఒక్కోసారి మరపుకొస్తుంది.

అక్కడితో రాష్ట్రంలో ఆయన కథ దాదాపుగా ముగిసి, ఢిల్లీ కథ మొదలైంది. 1977లో, 1980లో హనుమకొండ నుంచి లోక్‌సభకు గెలిచారు. విదేశాంగం, హోం, రక్షణ, మానవ వనరులు, అన్నీ చూశారు. వీటి మీద పుస్తకాలే ఉన్నాయి కాబట్టి నేను దాటేస్తాను. విద్యాశాఖ గురించి ఒక్క మాట మాత్రం. ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకుల పాఠశాల ఆలోచనే, కేంద్రంలో ఆ శాఖ ఆయన చేతికి వచ్చాక నవోదయ విద్యాలయాలుగా విస్తరించింది. మామునూరు నవోదయలో చదివి మా బార్‌లోకి వచ్చిన పిల్లలున్నారు.

1984 డిసెంబరు ఎన్నికల్లో నేను సుబేదారిలో న్యాయశాస్త్రం చదువుతున్నాను. అప్పట్లో ఓటు వయసు 21. నాకు అదే మొదటి ఓటు, ఆ ఓటు పి.వి.కి వేయలేదు. దాచుకోవలసిన సంగతి కాదు, ఎందుకంటే నాలాగే చాలామంది వేయలేదు. తెలుగుదేశం మద్దతుతో నిలబడ్డ భారతీయ జనతా పార్టీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి 50 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఆ ఎన్నికల్లో దేశం మొత్తంలో ఆ పార్టీకి వచ్చినవి రెండే స్థానాలు, ఒకటి గుజరాత్‌లోని మెహసానా, ఇంకొకటి మాది. ఎందుకు వేయలేదని అడిగితే అప్పుడు నేను చెప్పే జవాబు, ఆయన మాకు కనబడడు అని. ఎన్టీ రామారావు చైతన్యరథం మీద నిలబడి గొంతు చించుకుని మాట్లాడుతున్న రోజుల్లో, ఎదుటివాడికి వినిపించీ వినిపించనట్టు మాట్లాడే మనిషి మాకు ఎలా ఆనతాడు? ఆయన ముందు జాగ్రత్తగా మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి కూడా నిలబడి గెలిచారు. రాంటెక్ నాగపూర్‌కు దగ్గర. నలభై ఏళ్ల కింద న్యాయశాస్త్రం చదివిన గడ్డ మీదే, మరాఠీలో మాట్లాడి ఓట్లు అడగగలిగారు. ఒక కోర్టులో కొట్టేస్తారని అనుమానం ఉన్నప్పుడు ఇంకో కోర్టులో కూడా అర్జీ పెట్టుకోవడం మా వృత్తిలో అందరం చేసేదే. ఆ తరువాత 1991 ఉప ఎన్నికలో నంద్యాల, 1996లో ఒడిశాలోని బరంపురం గెలిపించాయి కానీ హనుమకొండ మళ్లీ ఆయనను లోక్‌సభకు పంపలేదు. ఇప్పుడు ఆ పేరుతో లోక్‌సభ నియోజకవర్గమే లేదు, పునర్విభజనలో పోయింది.

1991లో ఆయన ప్రధాని అయినప్పుడు చేతిలో మెజారిటీ లేదు. జులై 24 బడ్జెట్ గురించి, మన్మోహన్ సింగ్ గురించి అందరూ రాశారు. నాకు తోచేది ఇది: ఆ ఆర్థిక మార్పులు చాలావరకు పెద్ద కొత్త చట్టాలతో కాక, ఉన్న చట్టాల కింద వెలువడే ఉత్తర్వులు, విధాన ప్రకటనలతో జరిగాయి. పారిశ్రామిక విధాన ప్రకటనను బడ్జెట్ రోజునే సభ ముందు పెట్టారు, జనం దృష్టి బడ్జెట్ మీదికి పోయింది. సభలో ఓటు గెలుస్తామో లేదో తెలియనప్పుడు ఓటు అవసరం లేని దారి వెతకడం వకీలు లక్షణం.

శాసనకర్తగా ఆయన చేసిన పనుల్లో నేను పైన పెట్టేది రెండింటిని. 1993లో పార్లమెంటులో శాఖలవారీ స్థాయీ సంఘాలు 17 ఏర్పడ్డాయి. అప్పటిదాకా ఒక శాఖకు వేల కోట్లు ఇచ్చే పద్దును సభ గంటల్లో తేల్చేది, లేదా చర్చే లేకుండా ఓటుకు పెట్టేది. సంఘం వచ్చాక సభ్యుడు తలుపులు మూసిన గదిలో కార్యదర్శిని పిలిచి, కాగితాలు ముందు పెట్టించి అడగగలిగాడు. టీవీ లేదు, కాబట్టి కేకలు లేవు. ఒక రకంగా అది క్రాస్ ఎగ్జామినేషన్ గది. రెండోది పంచాయతీలకు, పురపాలికలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ, 74వ రాజ్యాంగ సవరణలు. రాజీవ్ గాంధీ కాలంలో 1989లో రాజ్యసభలో ఓడిపోయిన ఆలోచన, 1992 డిసెంబరు 22, 23 తేదీల్లో ఉభయ సభల్లోనూ నెగ్గింది. ఆ తేదీలు ఒకసారి చూడండి. అయోధ్యలో మసీదు కూలి పదహారు రోజులు. దేశం తగలబడుతున్న ఆ రోజుల్లోనే, గ్రామ పంచాయతీల్లో మూడోవంతు స్థానాలు ఆడవాళ్లకు అన్న వాక్యం రాజ్యాంగంలోకి నిశ్శబ్దంగా నడిచి వచ్చింది. ఆ మనిషిని ఎలా అర్థం చేసుకోవాలో తెలియక నేను చాలాసార్లు ఆగిపోయేది ఈ రెండు తేదీల మధ్యనే.

అదే చేత్తో, 1993 డిసెంబరు 23న, పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం కూడా ప్రకటించారు. మొదటి ఏడాది సభ్యుడికి 5 లక్షలు, మరుసటి ఏడాది నుంచి కోటి, ఇప్పుడు 5 కోట్లు. దీని మీద నా అభిప్రాయం కఠినమైనది. స్థాయీ సంఘాలతో సభ్యుడిని శాసనకర్తగా నిలబెట్టిన మనిషే, నిధులతో అతడిని బోర్‌వెల్లు, కమ్యూనిటీ హాళ్ల గుత్తేదారు స్థాయికి దించాడు. మా జిల్లాలో ఏ బస్ షెల్టరు మీద చూసినా ఒక ఎంపీ పేరు ఉంటుంది. ఏ చట్టం మీద ఆ ఎంపీ ఏం మాట్లాడాడో చెప్పగలిగినవాడు ఒక్కడు దొరకడు. మైనారిటీ ప్రభుత్వానికి అన్ని పార్టీల సభ్యుల సంతోషమూ కావాలి. అవసరం అర్థమవుతుంది, సమర్థించలేను.

ఇక డిసెంబరు 6. దీని మీద రాయకుండా పి.వి. గురించి రాసేవాళ్లను నేను నమ్మను. 1992 నవంబరు ఆఖరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు హామీ ఇచ్చింది, ఎలాంటి నిర్మాణమూ జరగనివ్వబోమని, మసీదుకు రక్షణ ఇస్తామని. కోర్టు నమ్మి పరిశీలకుడిని పంపింది. కేంద్ర బలగాలు దగ్గరలోనే ఉన్నాయి. జాతీయ సమైక్యతా మండలి ప్రధానికి నిర్ణయాధికారం అప్పగించింది. 356వ అధికరణం వాడి రాష్ట్ర ప్రభుత్వాన్ని ముందే తొలగించి ఉండవచ్చు. తొలగించలేదు. ఏదో జరుగుతుందన్న భయంతో ఎన్నికైన ప్రభుత్వాన్ని తీసేయడానికి చట్టం ఒప్పదన్నది ఆయన వాదన. కాగితం మీద ఆ వాదనలో ఒక్క లోపం కూడా నాకు కనబడదు, లోపమంతా కాగితాన్ని నమ్మడంలో ఉంది.

నేను ఇది సొంత అనుభవంతో చెబుతున్నాను. చాలా ఏళ్ల కింద నా కక్షిదారు ఒకాయన ఇంటి జాగా కేసులో, పాత మట్టి గోడ కూల్చబోమని అవతలివాళ్లు కోర్టులో హామీ పత్రం ఇచ్చారు. స్టే కోసం గట్టిగా పట్టుబట్టవలసిన నేను, హామీ రికార్డు మీదికి వచ్చింది కదా అని వాయిదాకు ఒప్పుకున్నాను. వాయిదా సోమవారం. ఆదివారం తెల్లవారేసరికి గోడ లేదు. ఏడాదిన్నర తరువాత ధిక్కారం కింద అవతలివాళ్లకు జరిమానా పడింది. గోడ మాత్రం లేవలేదు. నా కక్షిదారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అందుకే అది ఇంకా గుచ్చుకుంటుంది. హామీ ఇచ్చేవాడి ముఖం చూడకుండా హామీ పత్రం చదివినందుకు మట్టి గోడతో పోయింది నా పొరపాటు. 1992 డిసెంబరు 6 కూడా ఆదివారమే.

తరువాత జరిగింది అంతా వాయిదాల చరిత్ర. పది రోజుల్లో మసీదు కూల్చివేత మీద విచారణకు లిబర్‌హాన్ కమిషన్ వేశారు, మూడు నెలల్లో నివేదిక ఇమ్మన్నారు. 48 పొడిగింపులతో 2009లో ఇచ్చింది. అక్కడ అంతకు ముందు గుడి ఉండేదా అన్న ప్రశ్నను రాష్ట్రపతి పేరుతో సుప్రీంకోర్టుకు పంపారు, 1994 అక్టోబరులో కోర్టు జవాబు చెప్పకుండానే తిప్పి పంపింది. ఆ నెలలోనే, మసీదు కూలిననాటి ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి కళ్యాణ్ సింగ్‌కు కోర్టు ధిక్కారం కింద శిక్ష పడింది, ఒక రోజు జైలు, 2 వేల జరిమానా. అదీ 1992 జులైలో జరిగిన అరుగు నిర్మాణానికి. నా సీనియర్ చెప్పిన పాఠంలో ఆయన చెప్పని సగం ఇది. కొన్ని కేసుల్లో వాయిదా ఇచ్చిన రోజే కేసు ఓడిపోతాం, తీర్పు ఎప్పుడొచ్చినా ఒకటే.

మొదట చెప్పిన కేసు సంగతికి వస్తాను. 1993 జులై 28న పి.వి. ప్రభుత్వం మీద మూడో అవిశ్వాస తీర్మానం ఓటుకు వచ్చింది. అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265. పద్నాలుగు ఓట్లతో ప్రభుత్వం నిలిచింది. ఝార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులకు, మరికొందరికి డబ్బు ముట్టిందన్న ఆరోపణ కేసుగా మారి 1998 ఏప్రిల్ 17న అయిదుగురు న్యాయమూర్తుల ముందు తేలింది. రాజ్యాంగం 105వ అధికరణం రెండో ఖండం సభలో మాట్లాడిన మాటకూ, వేసిన ఓటుకూ కోర్టు విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. ముగ్గురు న్యాయమూర్తులు అన్నది, లంచం తీసుకుని ఓటు వేసిన సభ్యుడికి ఆ రక్షణ ఉంటుందని, లంచం ఇచ్చినవాడికి ఉండదని. ఇంకా విచిత్రం, లంచం తీసుకుని ఓటు వేయనివాడికీ రక్షణ ఉండదు. అంటే ఒప్పుకున్న మాట నిలబెట్టుకున్న లంచగొండిని చట్టం కాపాడింది, మాట తప్పినవాడిని పట్టుకుంది. మా బార్‌లో ఈ తీర్పు మీద చేసుకున్నన్ని జోకులు ఇంకే తీర్పు మీదా చేసుకోలేదు.

పి.వి.కి ఆ తీర్పు రక్షణ ఇవ్వలేదు. ఆయన ఇచ్చినవాళ్ల వైపు నిందితుడు. 2000లో ప్రత్యేక న్యాయస్థానం మూడేళ్ల శిక్ష వేసింది. దేశంలో ఒక మాజీ ప్రధానికి క్రిమినల్ కేసులో శిక్ష పడటం అదే మొదలు. 2002లో ఢిల్లీ హైకోర్టు నిర్దోషి అంది. మిగతా కేసుల్లోనూ బయటపడ్డారు, ఆఖరిదాంట్లో 2003 చివర్లో. మరుసటి ఏడాది డిసెంబరు 23న కన్నుమూశారు. చట్టం తన పని తాను చేసుకుపోతుందన్నది అధికారంలో ఉండగా ఆయన నోట తరచు వినబడిన మాట. చేసుకుపోయింది, ఆయన మీది నుంచి కూడా. డెబ్బయి దాటిన వయసులో కోర్టు హాల్లో నిందితుల వైపు కూర్చుని, వాయిదా తరువాత వాయిదా హాజరైన ఆ మనిషి దాని మీద ఒక్కసారైనా కోర్టును నిందించలేదన్న సంగతి నాకు ఆయన పట్ల గౌరవం పెంచింది. నిర్దోషి అన్న తీర్పుతో నాకు పేచీ లేదు. కానీ ఆ ఓటు ఎలా వచ్చిందన్న ప్రశ్నకు సభ తనకు తానుగా జవాబు వెతుక్కోలేదు. సభానాయకుడిగా ఆ పని మొదలుపెట్టవలసిన మనిషి ఆయనే.

మార్చి 30 తరువాతి పనిదినాన ఆ యువ న్యాయవాది మళ్లీ కనబడ్డాడు. 1984లో నా ఓటు సంగతి ఎవరో చెప్పినట్టున్నారు, ఇప్పుడు బాధపడుతున్నారా సార్ అని అడిగాడు. అప్పటి కారణం చిన్నపిల్లవాడి కారణమని, ఓటు గురించి మాత్రం బాధ లేదని చెప్పాను. 2024 తీర్పు చదివావా అని అడిగితే చదివానన్నాడు. 1998ది చదివావా అంటే, కొట్టేసిందే కదా అన్నాడు. బీరువాలోంచి ఆ సంపుటం తీసి ఇచ్చి, ముగ్గురి తీర్పు తరువాత చూడు, ముందు అగర్వాల్, ఆనంద్ అనే ఇద్దరు న్యాయమూర్తుల అసమ్మతి చదువు అన్నాను. సభ్యుడి ఓటుకు స్వేచ్ఛ ఇచ్చింది అమ్ముకోవడానికి కాదని వాళ్లిద్దరూ అప్పుడే రాశారు. ఏడుగురు న్యాయమూర్తులు ఆ వైపుకు రావడానికి ఇరవయ్యారేళ్లు పట్టింది. అతను పుస్తకం చంకలో పెట్టుకుని కోర్టు హాలు వైపు వెళ్లాడు. నా 38-ఇ కేసు ఆ రోజు జాబితాలో పదకొండోది, సాయంత్రం దాకా కూర్చున్నా పిలుపు రాలేదు.